గట్టు దాటితే నీరు ఊరందరిదీ!

రొయ్యల చెరువుకు జబ్బు చేస్తే ఏం చేయాలన్నది రైతు ఇష్టమేనా? కాదంటుంది చట్టం. ఆ మాట వెనక ముప్పై ఏళ్ల కథ ఉంది. తీరం పొడవునా ఎందరో రైతుల కన్నీళ్లూ ఉన్నాయి.

చెరువు నాది. పెట్టుబడి నాది. లాభమొచ్చినా నష్టమొచ్చినా నాదే. మధ్యలో ఈ రిజిస్ట్రేషన్లూ రికార్డులూ నిబంధనలూ ఎందుకు?

భీమవరం నుంచి నెల్లూరు దాకా ఆక్వా రైతులకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే ఇది. వచ్చిందంటే తప్పులేదు కూడా. వరి నాటే రైతును ఎవరూ లైసెన్సు అడగరు. మిరప తోటకు తెగులు తగిలితే మందు కొట్టాలా, పీకి పారేయాలా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకుంటారు. మరి రొయ్యకే ఇన్ని షరతులెందుకు?

జవాబు తూము దగ్గర ఉంది. రొయ్యల చెరువులు ఒకదాని పక్కన ఒకటి, గట్టుకు గట్టు ఆనుకుని ఉంటాయి. చాలాచోట్ల నీళ్లు తోడుకునేదీ వదిలేదీ ఒకే కాల్వలోకి. పైనున్న చెరువు పొద్దున వదిలిన నీటినే కింది చెరువు సాయంత్రం మోటారు పెట్టి తోడుకుంటుంది. అందులో ఉప్పుంటే ఉప్పు, బురదుంటే బురద, జబ్బుంటే జబ్బు... అన్నీ కలిసి వస్తాయి. అంటే ఒక రైతు తూము ఎత్తడం అతని సొంత పని కాదు. అడగకుండానే పక్కవాడి చెరువు గురించి తీసుకున్న నిర్ణయం అది. ‘బయోసెక్యూరిటీ’ అనే పెద్ద మాటకు మన ఊళ్లో అర్థం ఇంతే.

ఆ ఒక్క పూట...

తెల్లవారుజామున చెక్‌ట్రే పైకి తీస్తే వేసిన మేత వేసినట్టే ఉంటుంది. అడుగున ఉండాల్సిన రొయ్యలు గట్టు వారకు వచ్చి నీరసంగా తిరుగుతుంటాయి. ఆ కబురు మనిషికన్నా ముందు కాకులకూ కొంగలకూ తెలిసిపోతుంది. పట్టి చూస్తే తలపెంకు మీద తెల్లటి చుక్కలు. వైట్‌స్పాట్!

ఈ వైరస్‌కు మందు లేదు. లక్షణాలు బయటపడ్డాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. మనుషులకు మాత్రం సోకదు. కాబట్టి తినేవాళ్లు కంగారు పడాల్సింది లేదు. కంగారంతా పెంచేవాళ్లదే. మూడు నాలుగు నెలల పంట మీద పెట్టిన డబ్బు... లీజు, సీడు, మేత, కరెంటు... గంటగంటకూ నీళ్లలో కలిసిపోతుంటుంది.

ఆ పూట రైతు ముందున్న దారులు మూడు. మొదటిది, ఉన్న రొయ్యను ఉన్న సైజులోనే వలతో పట్టి, వచ్చిన ధరకు అమ్ముకోవడం. దీనికి కూలీలు ఎక్కువ కావాలి, సమయం పడుతుంది. రెండోది, తూము ఎత్తేయడం. నీటితోపాటు రొయ్య కూడా తూముకు కట్టిన వలలోకి వచ్చిపడుతుంది. పని తేలిక, ఖర్చు తక్కువ. మూడోది, ఆశ వదులుకుని చెరువును అలాగే వదిలేయడం.

ఖర్చు లెక్క చూస్తే రెండోదే నయమనిపిస్తుంది. కానీ ఎకరా చెరువులో మీటరు లోతున నీళ్లుంటే అవి 40 లక్షల లీటర్లు. వైరస్‌తో నిండిన ఆ నీళ్లన్నీ కాసేపట్లో కాల్వలో ఉంటాయి. మూడో దారి కూడా పక్కవాడికి మంచిది కాదు. చచ్చిన రొయ్యను పక్షి ముక్కున కరుచుకుని పక్క చెరువులో జారవిడుస్తుంది. పీతలు గట్లెక్కి జబ్బును మోసుకుపోతాయి. బతికున్న రొయ్య చచ్చిన రొయ్యను తిని తానూ అంటించుకుంటుంది.

చట్టం మొదటి దారినే ఒప్పుకుంటుంది. జబ్బు చేసిన చెరువులో పంటను వలతో మాత్రమే పట్టాలి. మిగిలిన నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయాలి. ఆ క్లోరిన్ ఘాటు కూడా పోయాకే కాల్వలోకి వదలాలి. వనామీ సాగుకు రాసిన నిబంధనల్లో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇదే. అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే.

కన్నీళ్లతో రాసిన చట్టం

1990ల మొదట్లో కోస్తాలో రొయ్య అంటే బంగారం. టైగర్ రొయ్యల సాగు మొదలైన కొత్తల్లో వరి పొలాలు చెరువులయ్యాయి. ఎక్కడెక్కడి కంపెనీలో తీరానికి వచ్చాయి. సీడ్ ఎక్కడినుంచి వస్తోంది, మురుగు ఎక్కడికి పోతోంది అని అడిగేవాళ్లు లేరు.

1992 ప్రాంతంలో తూర్పు ఆసియాలో తలెత్తిన వైట్‌స్పాట్ రెండేళ్లు తిరగకుండానే మన తీరానికి చేరింది. 1994, 95 సంవత్సరాల్లో చెరువు తర్వాత చెరువు ఖాళీ అయింది. అప్పటిదాకా లక్షలు కళ్లజూసినవాళ్లు అప్పులవాళ్లకు మొహం చాటేయాల్సి వచ్చింది.

అదే సమయంలో మరో పోరాటం నడుస్తోంది. తాగునీటి బావులు ఉప్పుబారుతున్నాయనీ, పొలాలు చెడిపోతున్నాయనీ తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 11న కోర్టు తీర్పిచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలిలో సంప్రదాయ పద్ధతిలో కాకుండా నడుస్తున్న రొయ్యల చెరువుల్ని తొలగించాలంది. పాడుచేసినవాళ్లే బాగుచేసే ఖర్చు భరించాలంది. ఈ రంగాన్ని చూసేందుకు ఒక సంస్థను ఏర్పాటు చేయమంది. అలా 1997లో ఆక్వాకల్చర్ అథారిటీ పుట్టింది. 2005లో పార్లమెంటు చేసిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో దానికి గట్టి పునాది పడింది. చెన్నై దాని కేంద్రం. తీరప్రాంతంలో రిజిస్ట్రేషన్ లేకుండా రొయ్యల సాగు చేయకూడదన్న నియమం అప్పటినుంచే. తీరానికి దూరంగా ఉన్న చెరువుల బాగోగుల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో విడిగా ఒక రాష్ట్రస్థాయి ప్రాధికార సంస్థ చట్టం తెచ్చుకుంది.

విదేశీ రొయ్య... షరతులు వర్తిస్తాయి

టైగర్ దెబ్బతిన్నాక రైతుల చూపు పసిఫిక్ తీరానికి చెందిన వనామీ మీద పడింది. త్వరగా పెరుగుతుంది, ఒత్తుగా వేసినా తట్టుకుంటుంది. 2003లో ప్రయోగాత్మకంగా అనుమతించిన ప్రభుత్వం 2009లో పూర్తిగా తలుపులు తెరిచింది. అయితే ఒక్క షరతు... జబ్బు లేని తల్లి రొయ్యలే రావాలి.

అందుకే విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యలు విమానం దిగి నేరుగా హేచరీకి పోవు. చెన్నైలోని నీలాంకరైలో ఉన్న క్వారంటైన్ కేంద్రంలో వాటిని ఉంచి పరీక్షిస్తారు. ఏ రోగమూ లేదని తేలితేనే అనుమతి పొందిన హేచరీకి చేరతాయి. అక్కడ పిల్లల్ని ఉత్పత్తి చేసి, వనామీ సాగుకు అనుమతి ఉన్న రైతులకే అమ్మాలి.

ఇంత కట్టుదిట్టం చేసినా గండి ఎక్కడ పడుతుందంటే... చౌక సీడ్ దగ్గర. చెరువులో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడి పిల్లల్ని తీస్తే ఖర్చు తగ్గుతుంది. కానీ ఆ తల్లికి లోపల ఏ జబ్బుందో ఎవరికి తెలుసు? అందుకే అది నిషిద్ధం. పిల్లకు కొన్ని పైసలు తక్కువకు దొరికిందని అలాంటి సీడ్ వేస్తే నీలాంకరైలో చేసిన పరీక్షలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. వేసే ముందు సీడ్‌కు పీసీఆర్ పరీక్ష చేయిస్తే వైట్‌స్పాట్‌తో పాటు రొయ్యను ఎదగనివ్వకుండా చేసే ఈహెచ్‌పీ ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

రైతు చేయాల్సినవేంటి?

వనామీకి అనుమతిచ్చినప్పుడు 2009లో పెట్టిన నియమాలను చదివితే మొదట చాదస్తంలా కనిపిస్తాయి. ఒక్కోదాని వెనక ఉన్న కారణం తెలిస్తే మాత్రం ‘ఇది మా నాయనమ్మ కూడా చెప్పేదే’ అనిపిస్తుంది.

చెరువు చుట్టూ కంచె ఉండాలి. పీతలు ఎక్కి రాకుండా గట్టు వెంబడి వల కట్టాలి. పక్షులు వాలకుండా పైన తాళ్లు కట్టాలి. పీత, పక్షి రెండూ జబ్బును మోసుకొచ్చే చుట్టాలే కదా!

ఏ చెరువు పనిముట్లు ఆ చెరువుకే వాడాలి. ఒక చెరువులో విసిరిన వలను తడి ఆరకుండా పక్క చెరువులో విసరకూడదు. ఇంట్లో ఒకరికి కళ్లకలక వస్తే వాళ్ల తువ్వాలు మరొకరం వాడం. ఇదీ అంతే.

కాల్వ నీటిని నేరుగా చెరువులోకి తోడకూడదు. ముందు రిజర్వాయరులో నిల్వచేసి శుద్ధి చేయాలి. వాడిన నీటిని నేరుగా కాల్వలోకి వదలకూడదు. మురుగుశుద్ధి చెరువులో కనీసం రెండు రోజులు నిలిపి ఉంచాలి. వచ్చే నీటికీ పోయే నీటికీ ఒక్కో కాపలా అన్నమాట.

చదరపు మీటరుకు 60కి మించి పిల్లల్ని వేయొద్దన్నారు. అంటే ఎకరాకు సుమారు 2 లక్షల 40 వేలు. ఇరుకు ఇంట్లో జ్వరం ఎంత తొందరగా అందరికీ పాకుతుందో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వనామీ వేసిన చోట మరో జాతి రొయ్యనుగానీ పీతనుగానీ పెంచకూడదు.

ఇక ఒక పుస్తకం... సీడ్ ఏ హేచరీ నుంచి ఎంత తెచ్చారు, ఎంత పంట వచ్చింది, ఎవరికి అమ్మారు అన్నీ అందులో రాయాలి. చాలామందికి విసుగు పుట్టించేది ఈ పుస్తకమే. కానీ ఒకే హేచరీ సీడ్ వేసిన పది చెరువులు ఒకే వారంలో దెబ్బతింటే ఆ సంగతి పట్టించేది కూడా ఈ పుస్తకమే. రాసుకోని రైతు నష్టాన్ని ‘నా ఖర్మ’ అనుకుంటాడు. రాసుకున్న రైతు ‘ఈ సీడ్ ఎక్కడిది?’ అని అడగగలడు.

కంచం దాకా లెక్కే

దేశంలో పెంచే రొయ్యల్లో మూడింట రెండొంతులకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. 2023-24లో భారత్ 7 లక్షల 16 వేల టన్నుల శీతలీకరించిన రొయ్యను ఎగుమతి చేసి 40 వేల కోట్ల రూపాయలు సంపాదించింది. అంటే మన కాల్వగట్టున జరిగే పని ఎక్కడో అమెరికాలోనో ఐరోపాలోనో ఒకరి కంచంలో తేలుతుంది.

చెరువులో జబ్బు కనిపించగానే చేతికందిన మందల్లా చల్లే అలవాటు ఇక్కడే కొంప ముంచుతుంది. వైరస్‌కు యాంటీబయోటిక్ పనిచేయదు. పనిచేయకపోగా దాని ఆనవాళ్లు రొయ్య కండలో మిగిలిపోతాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి పూర్తిగా నిషిద్ధం. అలాంటి అవశేషాలు పదేపదే బయటపడటంతో ఐరోపా సమాఖ్య 2016లో మన రొయ్యల తనిఖీని పెంచింది. అంతకుముందు వందలో పది సరుకులకు పరీక్ష చేస్తుంటే, యాభైకి చేయడం మొదలుపెట్టింది. ఎవరో కొందరు చల్లిన మందుకు, ఏ మందూ చల్లని రైతు కూడా ధరలో మూల్యం చెల్లించాడు. తూము కథే మళ్లీ! కాకపోతే ఈసారి కాల్వ సముద్రం దాటింది.

తెలిసీ ఎందుకు ఎత్తుతారు?

నిబంధనలు తెలియక తూము ఎత్తేవాళ్లు తక్కువ. తెలిసీ ఎత్తేవాళ్లే ఎక్కువ. వాళ్లను తిట్టిపోయడం తేలికే. వాళ్ల లెక్క కూడా ఒకసారి చూడాలి.

వెయ్యి లీటర్లకు 60 గ్రాముల చొప్పున వేసినా, ఎకరా చెరువుకు దాదాపు 240 కిలోల బ్లీచింగ్ పౌడరు కావాలి. పంట పోయి, చేతిలో రూపాయి లేని రోజున కొనాల్సిన సరుకు అది. పైగా దానివల్ల కొన్నవాడికి ఒరిగేదేమీ లేదు. మేలంతా పక్కవాడికే. ఇక రెండెకరాలు లీజుకు తీసుకున్న రైతు అందులోనే రిజర్వాయరుకు కొంత, మురుగుశుద్ధి చెరువుకు కొంత వదిలేస్తే సాగుకు మిగిలేదెంత? లీజు మాత్రం మొత్తం రెండెకరాలకూ కట్టాలి.

బర్డ్‌ఫ్లూ వచ్చి కోళ్లను చంపించాల్సి వస్తే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి కోడికింతని పరిహారం ఇస్తాయి. కోళ్లఫారం యజమాని జబ్బు సంగతి దాచకుండా చెప్పడానికి అదొక ధైర్యం. రొయ్య రైతుకు అలాంటి ధైర్యం లేదు. జబ్బు అని నోరు తెరిస్తే కొనేవాడు అక్కడికక్కడే ధర కోస్తాడు. అప్పు ఇచ్చినవాడు గుమ్మంలో కూర్చుంటాడు. అందుకే చాలామంది రాత్రికిరాత్రే పట్టుబడి ముగించి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు ఉంటారు. చెప్పినవాడు నష్టపోయి, దాచినవాడు గట్టెక్కే పరిస్థితి ఉన్నన్నాళ్లూ ఎంత మంచి చట్టమైనా తూము దాకా వచ్చి ఆగిపోతుంది.

మారింది కొంత...

ఈ ఇబ్బందుల్లో కొన్నిటిని ప్రభుత్వాలూ గుర్తించాయి. 2005 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన సవరణ ఆ జైలుశిక్షను తీసేసి డబ్బు రూపంలో జరిమానాలు పెట్టింది. హేచరీలతో పాటు తల్లి రొయ్యల పెంపక కేంద్రాలనూ స్పష్టంగా చట్టం కిందికి తెచ్చింది. మనుషుల ఆరోగ్యానికి హానిచేసే యాంటీబయోటిక్‌ల వాడకాన్ని అడ్డుకునే నిబంధన చేర్చింది. ‘పాడుచేసినవాడే భరించాలి’ అని 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాటకు చట్టంలో చోటిచ్చింది. జైలు భయం పోయింది కాబట్టి రైతు అధికారులను చూసి దాక్కోవాల్సిన పనిలేదు. బాధ్యత మాత్రం తగ్గలేదు.

2023 జూన్‌లో ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ అనే మొబైల్ యాప్ వచ్చింది. చేపకో రొయ్యకో జబ్బు చేస్తే రైతు ఫోన్లోంచే అధికారులకూ నిపుణులకూ తెలియజేయొచ్చు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన పథకంలో నాలుగు హెక్టార్ల లోపు చెరువులకు బీమా తీసుకుంటే ప్రీమియంలో 40 శాతం ప్రోత్సాహకంగా ఇస్తామన్నారు. హెక్టారుకు 25 వేల రూపాయలు దానికి పరిమితి. బీమా ఉన్న రైతుకు జబ్బు దాచాల్సిన అవసరం తగ్గుతుంది. కాబట్టి బీమా కాగితం కూడా ఒకరకంగా బయోసెక్యూరిటీ కాగితమే.

ఒక్కడి వల్ల కాదు, పదిమంది వల్ల అవుతుంది

ఒక్కో రైతుకు విడివిడిగా భారమైన పని, ఒకే కాల్వ మీదున్న పదిమంది కలిస్తే తేలికవుతుంది. ఎవరికి వారు మురుగుశుద్ధి చెరువు తవ్వుకోలేకపోతే అందరికీ కలిపి ఒకటి తవ్వుకోవచ్చు. నీళ్లు తోడే రోజులు, వదిలే రోజులు ముందే అనుకోవచ్చు. ఒకేసారి సీడ్ వేసి, ఒకేసారి పంట తీసి, మధ్యలో చెరువులన్నిటినీ ఎండగట్టొచ్చు. రొయ్యో పీతో లేకుండా వైరస్ ఎక్కువ కాలం నిలవలేదు. జబ్బు చేసిన చెరువుకు వేయాల్సిన బ్లీచింగ్ పౌడరుకు పంటకు ఇంతని ముందే చందా వేసుకుని ఒకచోట ఉంచుకోవచ్చు. ఈ ఏడాది అది పక్కవాడి చెరువుకు పడుతుంది. వచ్చే ఏడాది ఎవరి వంతో!

కొత్తగా సాగులోకి దిగేవాళ్లు, లీజు మారినవాళ్లు, అనుమతి గడువు దాటినవాళ్లు సీడ్ వేయకముందే దగ్గర్లోని మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి తమ చెరువు ఏ చట్టం కిందికి వస్తుందో, ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలేంటో అడిగి తెలుసుకోవడం మంచిది. బీమాకో, పరిహారానికో, ఎగుమతి సర్టిఫికెట్‌కో రిజిస్ట్రేషన్ కాగితం అవసరమయ్యే రోజున దానికోసం పరుగెత్తితే దొరకదు.

చివరిగా, ఏ చట్టమూ రాయని నియమం ఒకటుంది. చెరువులో చెక్‌ట్రే మేత మేతలాగే మిగిలిన పూట, ఏజెంటుకు ఫోన్ చేసే ముందు కింది చెరువు రైతుకు ఒక ఫోన్ చేయాలి. ‘అన్నా, ఈ రెండు రోజులూ కాల్వ నీళ్లు తోడకు’ అని చెప్పాలి. ఆ మాటకు పైసా ఖర్చు లేదు. దానివల్ల ఒక ఇంట్లో పిల్లల ఫీజు ఆగదు, ఒక పెళ్లి వాయిదా పడదు. మళ్లీ ఎప్పుడో ఆ ఫోన్ కింది నుంచి పైకి కూడా వస్తుంది.